సాక్షితో మాట్లాడరాదు

జైలు గేటుకు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి లాయరమ్మ బెయిలు షరతులు చదివి వినిపించింది. ప్రతి సోమవారం స్టేషనుకెళ్లి సంతకం పెట్టాలి. ఊరు దాటకూడదు. ప్రమాదం జరిగిన భవనం ఛాయలకు కూడా పోకూడదు. లిఫ్టు మెకానిక్ అన్నిటికీ తలూపుతూ టీ ఊదుకుంటున్నాడు. లోపల ఉన్నన్నాళ్లూ వేడి టీ మొహం చూడలేదు. తర్వాతి షరతు దగ్గర గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

“సాక్షులతో నేరుగా గానీ, పరోక్షంగా గానీ మాట్లాడరాదు.”

“సాక్షులంటే ఎవరండీ?”

“ఇప్పటికైతే మీ బావమరిది. ఆ రోజు మీ పక్కనున్నది అతనే కదా. పోలీసులు వాంగ్మూలం తీసుకున్నారు.”

“వాడు మా మేడమీద గదిలో ఉంటాడు. మా ఇంట్లోనే తింటాడు. నా భార్యకి తమ్ముడు.”

“ఉండనివ్వండి, తిననివ్వండి. మీరు మాత్రం మాట్లాడొద్దు.”

“మెట్ల మీద ఎదురుపడితే?”

“పక్కకి తప్పుకోండి.”

“దగ్గు వస్తేనో? దగ్గనిస్తారా?”

“దగ్గు కూడా పరోక్షమే అనుకోండి.” లాయరమ్మ నవ్వలేదు. “మీరతన్ని ఏదో అడిగారని ఎవరో ఒకరు చూసి చెబితే చాలు. బెయిలు రద్దు చెయ్యమని పిటిషన్ వేస్తారు. మళ్లీ ఈ గేటే.”

అతను టీ అలాగే వదిలేసి లేచాడు. ఎవరి మీద కోపమో తెలియలేదు గానీ, వచ్చిందన్నది మాత్రం తెలిసింది.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. ఏ అంతస్తులో తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదలకూడదు. తలుపు తాళంలో ఉండే కాంటాక్టు ఆ పని చూసుకుంటుంది. అది అరిగిపోతే లిఫ్టు ఆగిపోతుంది. ఏ అంతస్తు తాళం పోయిందో పట్టుకోవడానికి మెకానిక్కులు పైన మెషిన్ రూములో ఒక చిన్న వైరు ముక్క తగిలిస్తారు. దాన్ని జంపర్ అంటారు. అది ఉన్నంతసేపూ అన్ని తలుపులూ మూసే ఉన్నాయనుకుని లిఫ్టు తిరుగుతుంది. వేసినవాడే తియ్యాలి, తీసేదాకా లిఫ్టులోకి మనిషిని ఎక్కనివ్వకూడదు. పనిలో చేరినవాడికి అన్నిటికంటే ముందు చెప్పే మాట ఇది.

ఆ రోజు జంపర్ వేసింది అతను. మూడో అంతస్తు తాళం పోయిందని తేల్చిందీ అతనే. కొత్త తాళం స్టోరులో లేదు. ఇంతలో కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు: ఇంకో భవనంలో లిఫ్టు మధ్యలో ఆగి జనం ఇరుక్కున్నారు, ఉన్నవాడివి ఉన్నట్టు పరిగెత్తు. బావమరిదిని అక్కడే వదిలి పరిగెత్తాడు. సాయంత్రం ఇస్త్రీ ఆయన గడ్డం దాకా మడతబట్టలు ఎత్తుకుని, మూడో అంతస్తు తలుపును భుజంతో నెట్టి లోపలికి అడుగేశాడు. లిఫ్టు అప్పటికే పై అంతస్తులో ఉంది.

“తీసెయ్యమని చెప్పాను.” ఇన్‌స్పెక్టరుకు ఇదే చెప్పాడు. జైలులో పక్క చాపవాడికీ ఇదే చెప్పాడు. ఇంటికొచ్చి చెప్పులు విడవక ముందే భార్యకూ ఇదే చెప్పాడు.

సోమవారాలు స్టేషనుకెళ్లేవాడు. అక్కడి రైటరు పుస్తకం ముందు పెట్టుకుని, అతన్ని చూడనట్టే చాలాసేపు చెవి గోక్కుని, అప్పుడు తలెత్తేవాడు.

“ఏం లిఫ్టూ, ఇవాళ పైకా కిందికా?”

ప్రతి సోమవారం అదే హాస్యం. కానిస్టేబుళ్లు కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్లు. సంతకం పెడుతుంటే కలం కాయితంలోకి దిగబడేది. “చించకు నాయనా, ప్రభుత్వం సొత్తు” అనేవాడు రైటరు.

అక్కణ్ణుంచి ఇంటికి నడుస్తూ అందరినీ మనసులో వరసగా నిలబెట్టి తిట్టేవాడు. రైటరుతో మొదలయ్యేది. తాళాలు స్టోరులో ఉంచని కంపెనీ, ఫోన్ చేసిన మేనేజరు, మూడో అంతస్తులో లైటు వెయ్యని కాపలావాడు. ఒక్కోరోజు చచ్చిపోయినవాణ్ణి కూడా: అంత ఎత్తు బట్టలు ఒక్కసారే మొయ్యకపోతే ఏం పోయింది? ఆ మాట మనసులోకి రాగానే నడక ఆగేది. సిగ్గుతో చెవులు వేడెక్కేవి. ఆ సిగ్గును కూడా ఎవరి మీదికో తోసేసి మళ్లీ నడిచేవాడు. కోపంలో ఒక సుఖముంది. అది ఎప్పుడూ ఎదుటివాడి వైపే చూస్తుంది.

ఇంట్లో షరతు ఒక మనిషిలా తిరిగేది. బావమరిది పొడగరి. నిచ్చెన లేకుండానే పై తాళం అందుకుంటాడని అతనే వాడికి ‘పొడుగు’ అని పేరు పెట్టాడు. ఇప్పుడా పొడుగు మెట్ల మీద ఎదురైతే గోడకేసి తిరిగి, తిట్లు తిన్న బడిపిల్లాడిలా నిలబడేవాడు. ఇతను ముక్కు సూటిగా చూస్తూ దిగిపోయేవాడు. భార్య కంచం మూతపెట్టి పైకి తీసుకెళ్లేది, ఖాళీ కంచం కిందికి తెచ్చేది.

“ఇద్దరూ కలిసి నన్ను లిఫ్టు చేశారు కదా” అంది ఒకరోజు, మోకాళ్లు పట్టుకుని.

నవ్వొచ్చింది. పైకి వినబడేలా నవ్వితే అదీ పరోక్షమేనేమో అని మింగేశాడు. అలా మింగినందుకు మళ్లీ కోపమొచ్చింది.

దర్యాప్తు పూర్తయి పోలీసులు ఛార్జిషీటు వేశారు. లాయరమ్మ కబురు చేసింది. ఆమె ఆఫీసు ఒక ఇరుకు గది. కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు బీరువాకు తగిలేవి.

“ఇక సోమవారాలు వెళ్లక్కర్లేదు. దర్యాప్తు జరిగినంత కాలం పిలిస్తే దొరకాలని ఆ షరతు. ఛార్జిషీటు పడేదాకా అనే రాశారు, పడింది, అయిపోయింది. ఇప్పట్నించి వాయిదాకి కోర్టులో కనబడితే చాలు.”

“మరి సాక్షి సంగతి?”

“అది పోదు. ఇప్పుడే దానికి అసలు పని. దర్యాప్తులో చెప్పింది పోలీసులకి చెప్పింది. రేపు కోర్టులో చెప్పేదే సాక్ష్యం. అది చెప్పేదాకా అతన్ని ఎవరూ కదిలించకూడదని.”

“వాడు పోలీసులకేం చెప్పాడు?”

ఆమె చదివింది. జంపర్ వేసింది మా బావ. నేను పక్కన ఉన్నాను. తర్వాత ఆయన వేరే పని మీద వెళ్లారు.

“ఊఁ, తర్వాత?”

“అంతే.”

“అంతేనా? తీసెయ్యమన్నానని చెప్పలేదా?”

“లేదు.”

బీరువాకు తగిలిన మోకాలు నొప్పి పుట్టేదాకా అలాగే నొక్కిపెట్టాడు. అన్నాళ్లూ వరసలో నిలబెట్టినవాళ్లందరూ తప్పుకున్నారు. పొడుగొక్కడే మిగిలాడు. చేతిలో స్పానర్ పట్టుకోవడం కూడా రానప్పుడు వెంటేసుకుని తిరిగి, పని నేర్పి, కంపెనీలో పెట్టించింది తను. నిజం చెప్పడానికి వీడి నోటికేమొచ్చింది? తన తోలు కాపాడుకున్నాడు! ఎంత తిన్నా తీరని ఆకలిలా ఆ కోపం అతన్ని పట్టుకుంది. మేడమీద అడుగుల చప్పుడు వినబడితే చాలు, పళ్లు బిగుసుకునేవి. పైన మంచం కిర్రుమంటే, ‘పడుకో, హాయిగా పడుకో’ అనేవాడు గోడతో.

కానీ కోర్టు కోసమని ఆ రోజును మొదటినుంచి చివరిదాకా గుర్తు చేసుకోబోతే ఒక చిత్రం జరిగింది. మెషిన్ రూములో వేడి గుర్తుంది. జేబులో ఫోను అదరడం గుర్తుంది. తలుపు దాకా రావడమూ గుర్తుంది. అక్కడ తను వెనక్కి తిరిగి ‘తీసెయ్’ అనాలి. అనేవాడు కూడా. అయితే వినబడే గొంతు ఆనాటిది కాదు. ఇన్‌స్పెక్టరుతో అన్న గొంతు, భార్యతో అన్న గొంతు. ఆ మాటను అంతమందితో అన్నన్నిసార్లు అనేసరికి దాని కిందున్నదంతా అరిగిపోయింది. కింద ఏముందో చూద్దామని వంగితే, తనకంటే ముందు కోపం వంగి అడ్డుపడుతోంది.

అన్నానా? అనుకున్నానా?

తెలిసినవాడు ఒక్కడే. వాడు నెత్తిమీద పది మెట్ల దూరంలో ఉన్నాడు. వాణ్ణి అడగడం నేరం.

కేసు విచారణకొచ్చింది. ఇస్త్రీ ఆయన భార్య ప్రతి వాయిదాకీ వచ్చేది. గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని, ముందు వరసలో, ఎవరో తన పేరు పిలుస్తారన్నట్టు కూర్చునేది. ఒకసారి మంచినీళ్ల కుళాయి దగ్గర ఎదురైంది. అతను తప్పుకోబోయాడు.

“నీకు బెయిలిచ్చారు” అంది ఆమె, గ్లాసు కడుక్కుంటూ. “మా ఆయనకి ఎవరిస్తారు?”

గ్లాసు నింపుకుని వెళ్లిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఆ రోజంతా ప్రయత్నించాడు. రాలేదు.

పొడుగు సాక్ష్యానికి తేదీ పడింది. ఆ ముందు రోజు పొద్దున భార్య కంచం కడుగుతూ కడుగుతూ ఠక్కున ఆపింది.

“నేను అడిగొస్తా. బావ చెప్పాడా లేదా, ఒక్క ముక్క. నాకూ తెలియాలి.”

“వద్దు. పరోక్షం.”

“పరోక్షం! ఇన్నాళ్లనుంచీ మీ ఇద్దరి మధ్యా దారంలా తిరుగుతున్నా. వాడు నాకు తమ్ముడు, నువ్వు నాకు మొగుడు. నేను ఎవరికి పరోక్షం?” తడిచేతులు చీరకు తుడుచుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

ఒకటి, రెండు, మూడు మెట్లు. ఆపకపోతే తెలిసిపోతుంది. ఎన్నాళ్లుగానో కావాలనుకున్నదే. అతని గొంతు అతని అనుమతి లేకుండా లేచింది.

“దిగు! దిగమంటున్నానా? నన్ను మళ్లీ లోపలికి పంపిద్దామనా మీ అక్కాతమ్ముళ్లిద్దరూ?”

ఆమె నిలబడిపోయింది. వెనక్కి తిరిగి, మూడో మెట్టు మీదనుంచి అతన్ని చూసింది. కోపంతో కాదు. అదే అతన్ని భయపెట్టింది.

“బెయిలు పోతుందని భయపడుతున్నావా, వాడు చెప్పేదానికి భయపడుతున్నావా?”

పైన గదిలో అడుగుల చప్పుడు కూడా ఆగిపోయింది. వింటున్నాడు.

“రెండూ ఒకటే” అన్నాడు. అబద్ధమని నోట్లోంచి వస్తుండగానే తెలిసింది. ఆమె దిగొచ్చి, వదిలేసిన కంచం తీసుకుని, అందులో లేని మురికిని తోమడం మొదలుపెట్టింది.

మర్నాడు సాక్షుల బోనులో పొడుగు తల వంచి నిలబడ్డాడు. ఆ బోను వాడి పొట్ట దాకానే వచ్చింది. ప్రభుత్వ వకీలు పేరూ ఊరూ పనీ అడిగి, జంపర్ అంటే ఏమిటో జడ్జికి చెప్పించి, అసలు ప్రశ్నకు వచ్చాడు.

“వెళ్లేటప్పుడు ముద్దాయి నీతో ఏమైనా అన్నాడా?”

పొడుగు బావ వైపు చూడలేదు. ముందు వరసలో గుడ్డసంచి వైపు చూశాడు.

“అన్నాడండి. ‘రేపు తాళం తెస్తాను, ఇవాళ్టికి నడవనీ’ అన్నాడు.”

“జంపర్ తీసెయ్యమన్నాడా?”

“లేదండి. తలుపు దగ్గర ఒక కాలు బయటపెట్టి అన్నాడు. పళ్ల మధ్య టెస్టర్ పెట్టుకుని ఉన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.”

మెకానిక్ నాలుక మీదికి టెస్టర్ పిడి రుచి వచ్చింది. చెమటా గ్రీజూ కలిసిన ప్లాస్టిక్కు. ఆ రుచి వెనకాలే, పళ్ల మధ్యనుంచి, తొందరలో, చిరాగ్గా, తన సొంత గొంతు: ఇవాళ్టికి నడవనీ. ఎవరూ అరగదియ్యని గొంతు. అన్నాళ్లూ అది అక్కడే ఉంది. దాన్ని చూడకుండా ఉండడానికే తను ఊళ్లో ఒక్కొక్కణ్ణీ పిలిచి తిట్టాడు.

లాయరమ్మ లేచింది. ఆమె మొహంలో రంగు తగ్గింది గానీ గొంతు తగ్గలేదు.

“ఆ రోజు మీకెవరైనా ఫోన్ చేశారా?”

“మేనేజరు చేశాడండి, బావ వెళ్లాక. లిఫ్టు ఆపితే ఆ భవనం వాళ్లు కాంట్రాక్టు మానుకుంటారు, ఆపొద్దు అన్నాడు. జంపర్ మీద నడుస్తోందని చెప్పాను. ‘నీకు చెప్పింది చెయ్’ అన్నాడు.”

“ఈ సంగతి పోలీసులకెందుకు చెప్పలేదు?”

“వాళ్లు అడగలేదండి.”

మేనేజరు వెనక బెంచీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. కాలు దింపాడు. ఆ రోజు వాయిదా ముగియక ముందే, ఎవరో పిలిచినట్టు ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. అతన్ని కూడా ముద్దాయిగా చేర్చమని లాయరమ్మ పిటిషన్ వేసింది. ఒక్క మాట మీద చేర్చలేమని జడ్జి కొట్టేశాడు.

తీర్పు రోజు, చనిపోతారని తెలిసే చేశాడనే పెద్ద సెక్షన్ నిలబడలేదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు శిక్ష పడింది. పేరు పిలిచి, జడ్జి చదువుతుంటే అతను నిలబడే ఉన్నాడు. పోలీసు పక్కకొచ్చి నిలబడ్డాడు. లాయరమ్మ అప్పీలుకు వెళతామంది. అప్పీలు వేసుకునేదాకా శిక్ష ఆపి, కొత్త జామీను మీద విడిచిపెట్టమని కోరింది. జడ్జి సరేనన్నాడు.

వరండాలో ఆమె కొత్త ఉత్తర్వు చూస్తూ చెప్పింది. “పాత బెయిలు తీర్పుతో తీరిపోయింది. ఇది వేరే. గడువులోగా అప్పీలు వెయ్యాలి, పైకోర్టు పిలిస్తే రావాలి. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి.”

“సాక్షులు?”

“వాళ్ల ఊసు లేదు. విచారణ అయిపోయిందిగా. ఇక చెడగొట్టడానికి సాక్ష్యమేం మిగల్లేదు.”

“అంటే” అతని గొంతు పెరిగింది, గుమాస్తాలు తలలు తిప్పారు, “నేను తప్పు చెయ్యలేదేమో అనుకున్నన్నాళ్లూ మాట్లాడకూడదు. చేశానని రాసిచ్చాక ఎంత కావాలంటే అంత మాట్లాడుకోవచ్చు. అంతేనా అమ్మా? బాగుంది! చాలా బాగుంది!”

“అరవకండి. కోర్టు.”

“మొన్నటిదాకా దగ్గొద్దన్నారు, ఇవాళ అరవొద్దంటున్నారు.”

జామీనుకు మనిషి కావాలి. ఇదివరకు నిలబడిన పక్కింటాయన తీర్పు వినగానే ఇంట్లో పనుందని వెళ్లిపోయాడు. భార్య ఎటో చూస్తోంది. ఆ చూపు వెంట చూస్తే, స్తంభం పక్కన పొడుగు, స్థలం కాయితాలు ఛాతీకి అదుముకుని. అమ్మ పేరునుంచి వాడి పేరు మీదికొచ్చిన చిన్న స్థలం ఒకటుంది.

“నేనున్నాను” అన్నాడు లాయరమ్మతో, బావ వైపు చూడకుండానే. అలవాటు ఇంకా పోలేదు.

సంతకాలయ్యాయి. ఇద్దరూ వరండా చివర, విరిగిన కుర్చీలు పేర్చిన చోట నిలబడ్డారు. కూడబెట్టుకున్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. అందులో ఒక్కదానికీ ఇప్పుడు ఎదుటి మనిషి లేడు.

“మొదట్లోనే పోలీసులకి ఎందుకు చెప్పలేదురా?”

“చెబితే నీకు బెయిలు రాదేమోనని.”

“మరి కోర్టులో ఎందుకు చెప్పావు?”

“పోలీస్ స్టేషన్లో ఆ గుడ్డసంచి ఆవిడ లేదు బావా.”

లాయరమ్మ ఫైలు సర్దుకుంటూ వచ్చింది. “అప్పీలులో మొదటి మాట ఇదే రాస్తాను. జంపర్ తీసెయ్యమని మీరు చెప్పారు, సాక్షి తన తప్పు కప్పుకోవడానికి మాట మార్చాడు అని. పోలీసులకి ఒకటి చెప్పి కోర్టులో ఇంకోటి చెప్పాడు కాబట్టి నిలబడుతుంది.”

పొడుగు నేలకేసి చూశాడు. అభ్యంతరం చెప్పలేదు. అదే మెకానిక్‌కు భరించరాని కోపం తెప్పించింది. వీడు దీనికి కూడా ఒప్పుకుంటాడు.

“అది రాయకండి. నేను చెప్పలేదు.”

“ఏమండీ, మీరు నాకు మొదటినుంచీ...”

“మొదటినుంచీ అబద్ధం చెప్పాను. నాకే తెలీకుండా చెప్పాను. మేనేజరు ఫోను రాయండి. వాడెందుకు బయట తిరుగుతున్నాడో రాయండి. తాళం లేని స్టోరు గురించి రాయండి. పది పేజీలు రాయండి. వీడి గురించి మాత్రం ఒక్క ముక్క రాయడానికి వీల్లేదు.”

“అది లేకపోతే అప్పీలు నీరసంగా ఉంటుంది. లోపలికి వెళ్లాల్సి రావచ్చు.”

“వెళతాను!” అరిచాడు. ఈసారి ఎవరూ అరవొద్దనలేదు.

ఆమె పెదవి విరిచి, ఇంకోసారి ఆలోచించుకోమని వెళ్లిపోయింది. భార్య దగ్గరకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఇప్పుడు అక్కర్లేదని గుర్తొచ్చి కాస్త పక్కకు జరిగింది.

పొడుగు తలెత్తాడు.

“నాకూ తెలుసు బావా, తియ్యాలని. నువ్వు చెప్పకపోయినా తెలుసు. నువ్వు తలుపు దాటక ముందే ‘తీసెయ్యనా’ అని అడగాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అడిగుంటే ఏమనేవాడివి?”

ఆ ప్రశ్న మీద మండిపడాలనిపించింది. నన్నడుగుతావా, ఇప్పుడడుగుతావా అని కాలర్ పట్టుకోవాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. వాడు వెనక్కి జరగలేదు, సమాధానం కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాడు. చెయ్యి దిగింది.

“నోర్మూసుకుని పని చూడమనేవాణ్ణి” అన్నాడు.